డ్రెస్సింగు గది మీద పేషెంట్ల అభిప్రాయం

నర్సు పనిలో చేరి ముప్పై ఏళ్లు కావస్తుంటే, నాకు పని వచ్చునో రాదో ఒక ఫైలు చేసి చూపించమన్నారు. దాని పేరు పోర్ట్‌ఫోలియో అంట. ఆ మాట విన్నప్పుడు నాకు ఒళ్లు మండింది. నిన్నమొన్న కాలేజీలోంచి వచ్చిన పిల్లలకు చెప్పండి ఫైళ్లు చెయ్యమని, నేను సూది పట్టుకునేనాటికి వాళ్లు పుట్టనన్నా పుట్టలేదని మా ఆఫీసు గుమాస్తా మీద ఇంతెత్తున లేచినాను. పాపం ఆయనేం చేస్తాడు, పైనుంచి వచ్చిన కాయితం నా చేతిలో పెట్టి, ఫ్యాను కింద కూర్చోమ్మా అన్నాడు.

మాది ట్రస్టు ఆస్పత్రి. పెద్దది ఆత్మకూరులో ఉండాది, చిన్నది ఉదయగిరిలో. నేను ఉదయగిరిలో డ్రెస్సింగు గది చూస్తాను. గది అంటే పెద్దగా ఊహించుకోబాకండి. ఒక బల్ల, ఒక స్టూలు, ఒక కుళాయి, సామాన్ల బీరువా, బయట వరండాలో ఒక పొడుగు బెంచీ. ఆ బెంచీ మీద పొద్దున్నే వచ్చి కూర్చునేది ఎక్కువగా షుగరు కాళ్లవాళ్లు. షుగరు ముదిరితే పాదాల్లో స్పర్శ పోతాది. ముల్లు గుచ్చుకున్నా తెలీదు, చెప్పులో రాయి దూరినా తెలీదు, తెలిసేసరికి పుండు పడుంటాది. దాన్ని రోజు మార్చి రోజు కడిగి, చచ్చిన కండ తీసి, కట్టు కడతా ఉంటే మెల్లిగా మానతాది. పట్టించుకోకపోతే ముందు వేలు పోతాది, తర్వాత పాదం పోతాది.

ఉదయగిరికి డాక్టరు వారానికి రెండు రోజులే వస్తాడు. మిగతా రోజులు ఆ గది నా మీదే నడుస్తాది. ఇన్నాళ్లూ ఎవరూ ఏమీ అడగలా. ఇప్పుడేమో కొత్త రూలు పెట్టినారు. డాక్టరు లేని రోజుల్లో పుండ్లు చూసే నర్సు పోర్ట్‌ఫోలియో పాసవ్వాల. పాసయితే గది ఉంటాది. లేకపోతే గదికి తాళం వేసి, పేషెంట్లందర్నీ ఆత్మకూరు రమ్మంటారు. అది గంటన్నర బస్సు. కాలు కింద మోపొద్దని నేను చెప్పే మనిషి, పల్లెలోంచి రోడ్డుదాకా నడిచి, బస్సులో నిలబడి, ఆత్మకూరులో దిగి మళ్లా ఆస్పత్రిదాకా నడవాల. అదీ రోజు మార్చి రోజు. ఒకసారి పోతారు, రెండుసార్లు పోతారు, ఆపైన ఇంట్లోనే పసుపూ కాఫీపొడీ అద్దుకుని కూర్చుంటారు. ఆ తర్వాత ఏమవుతాదో నాకు బాగా తెలుసు. అందుకే ఎంత మండినా ఆ ఫైలు చెయ్యక తప్పలా.

చేస్తే గదా తెలిసేది, దాంట్లో ఎన్ని రకాలో. చదివిన చదువు, పొందిన ట్రైనింగులు, వాటి సర్టిఫికెట్లు. సగం సర్టిఫికెట్లు చీరల బీరువాలో అడుగున దొరికినాయి, కలరా ఉండల వాసనతో. ఒక కేసు తీసుకుని మీరేం చేసినారు, ఏం నేర్చుకున్నారు, మళ్లా అట్టాంటిది వస్తే ఏం మారుస్తారు అని రాయమన్నారు. ఇది మాత్రం రాస్తా ఉంటే బాగానే ఉనింది, నిజం చెప్పాలంటే. పనిచేస్తా పోవడమేగానీ, చేసినదాన్ని ఆగి చూసుకునే తీరిక ఎప్పుడుంది మాకు? ఒక మేస్త్రీ కాలి గురించి రాస్తా, చెప్పు మార్పించమని ఇంకో వారం ముందే పట్టుబట్టి ఉండాల్సిందని నాకే తట్టింది. ఆ తర్వాత వచ్చింది, ఐదేళ్ల తర్వాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారు అని. రిటైరయి మా ఇంటి అరుగు మీద అని రాసి, మళ్లా కొట్టేసినాను. మీ బలహీనతలు రాయండి అన్నచోట నాకేమీ తోచక మా ఇంటాయన్ను అడిగినాను. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, కళ్లద్దాలు పెట్టుకుని, తెల్ల కాయితాలు ఇంకో రెండు తీసుకురమ్మన్నాడు. ఫైలు లాక్కుని లోపలికి వచ్చేసినాను.

అన్నిటికన్నా నాకు దిగుల్లేని భాగం ఒకటి ఉనింది, పేషెంట్ల అభిప్రాయం. దాన్ని నర్సు ముట్టుకోకూడదు. గుమాస్తానే బెంచీ మీద వాళ్లకు తలా ఒక కాయితం ఇచ్చి, రాసినాక తీసుకుని, కవర్లో పెట్టి అంటించి ఆత్మకూరు పంపించాల. నాకేం భయం? నా గది మీద ఆ బెంచీ వాళ్లకు ఉండే నమ్మకం నాకు తెలుసు. నాకు హస్తవాసి ఉందని వాళ్లు అనుకుంటారని ఆయాలే నాకు చెప్పినారు. డాక్టరు కట్టు కట్టిన రోజు కూడా కొందరు బయటికి పొయినట్టే పొయి, మళ్లా తిరిగొచ్చి, ఒకసారి ఊరికే నువ్వు చెయ్యి పెట్టమ్మా అని కాలు చాపుతారు. ఎవరూ నా మొహం మీద మాత్రం మంచిమాట అనలా ఎప్పుడూ. అది ఈ పక్క మనుషుల స్వభావం అనుకుని వదిలేసినాను.

వాళ్లల్లో చాలామందికి రాయడం రాదు. ఎదురుగా జిరాక్స్ షాపాయన రాసిపెట్టినాడు. ఆ పొద్దు నేను కిటికీలోంచి చూస్తే, కట్లు కట్టిన కాళ్లన్నీ షాపు మెట్ల మీద వరసగా ఉండాయి, తలకాయలన్నీ ఒకచోట చేరి గుసగుసలాడతా ఉండాయి. వరికుంటపాడు పక్క పల్లె నుంచి వచ్చే ఒక అవ్వ మధ్యలో కూర్చుని అందరికీ ఏందో చెప్తా ఉనింది. అవ్వకు మేకలు ఉండాయి, కుడి పాదం కింద, బొటనవేలి మొదట్లో పుండు ఉండాది, రెండేళ్ల నుంచీ నా దగ్గరికే వస్తాది. నన్ను చూడంగానే అందరూ గప్‌చిప్. ఓహో, నా గురించి గొప్పగా రాయిస్తా ఉండారు, సిగ్గుపడతా ఉండారు అనుకుని, పైట సర్దుకుని లోపలికి పొయినాను.

ఫైలు చూసి అడిగే ఇంటర్వ్యూ ఆత్మకూరులో పెట్టినారు. ఆ రోజు బస్సు ఏఎస్ పేట దర్గాకు పొయ్యేవాళ్లతో కిటకిటలాడతా ఉనింది. ఫైలు గుండెకు ఆనించుకుని నిలబడే పొయినాను. నా ఫైలు చూసిన మేడం మా జిల్లా మనిషి కాదు, యాడనో నర్సింగు కాలేజీలో చెప్తాదంట. వయసులో నాకన్నా చిన్నది. మెల్లిగా మాట్లాడింది, మర్యాదగా అడిగింది. పుండు లోతు ఎట్ట కొలుస్తారు, ఎప్పుడు మీరు చూడకుండా డాక్టరుకు పంపిస్తారు, అన్నీ అడిగింది. తడుముకోకుండా చెప్పినాను. నేను రాసిన కేసు చదివి, ఇంత నిజాయితీగా ఎవరూ రాయరు సిస్టర్ అనింది. నా కోపమంతా దిగిపొయింది. మంచి పిల్ల అనుకున్నా.

అప్పుడు కవరు చింపింది. ఒక కాయితం చదివింది, ఇంకోటి తీసింది, ఇంకోటి. ఆమె మొహం మారిపొయింది. తర్వాత నాకు చదివి వినిపించింది. సిస్టరమ్మకు కోపం జాస్తి. గొంతు పెద్దది. నవ్వదు. కట్టు విప్పేటప్పుడు దయ లేకుండా పీకతాది. చెప్పులు గది బయట విడవమంటాది, చెప్పుల్లేకుండా నడవొద్దంటాది, రెండూ ఒకేసారి ఎట్ట కుదురుతాది? అవ్వ పేరు మీద ఉన్న కాయితంలో, చేతులు సల్లగా ఉంటాయి అని ఉనింది. ఒక్కటంటే ఒక్క కాయితం కూడా వంక లేకుండా లేదు.

నా తల కొట్టేసినట్టయింది. ఒకరో ఇద్దరో అయితే పట్టించుకోను సిస్టర్, అందరూ రాస్తే నేను ఈ భాగానికి మార్కు వెయ్యలేను అని మేడం చెప్పింది. వెంటనే ఫెయిలు చెయ్యకుండా, రెండు వారాల్లో ఉదయగిరి వచ్చి గది చూస్తాననీ, ఈలోపల ఈ ఫిర్యాదుల మీద మీరేమనుకుంటున్నారో ఒక పేజీ రాసిపెట్టమనీ అనింది. అప్పటికీ సరిపోకపోతే గది మూయమని రాయక తప్పదని కూడా దాచకుండా చెప్పింది.

తిరుగు బస్సులో సీటు దొరికింది. కిటికీ పక్కన కూర్చుని ఏడ్చినాను. ఏడుపు సగం, కోపం సగం. ఎవరి చీము నా చేతులతో కడిగినానో వాళ్లే! వాళ్ల ఇంటోళ్లు ముక్కు మూసుకుని దూరం జరిగితే, నేను స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. ఏరు దాటి తెప్ప తగలేసినట్టు, ఇదా వీళ్లు చేసేది? ఆ మాత్రం మంచిమాట రాయడానికి ఏం ముల్లె పోతాది? మూసుకోనీ గదిని, ఆత్మకూరుకే పోనీ అందరూ అని కూడా అనుకున్నాను. బస్సు ఉదయగిరి కొండ కనపడే చోటికి వచ్చేసరికి, అవ్వ కాలు ఆ బస్సు మెట్టు ఎట్ట ఎక్కుతాదా అని ఆలోచిస్తా ఉన్నాను. నా ఖర్మ.

మర్నాడు నేను ఎవరినీ తిట్టలా. షుగరు మాత్ర వేసుకోలేదన్నా తిట్టలా, కట్టు తడిపి వచ్చినా తిట్టలా. మూతి బిగించుకుని పని చేసుకుంటా పొయినాను. దాంతో బెంచీ మీద వాళ్లకు భయం పట్టుకుంది. ఏమైందో తెలీక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అవ్వ వంతు వచ్చింది. బల్ల మీద కాలు పెట్టి, కాసేపు నన్నే చూసి, ఒంట్లో బాగలేదా పాపా అనింది. అంతే, నాలో ఉన్నదంతా బయటపడింది. నా చేతులు చల్లగా ఉంటాయా, నాకు దయ లేదా, మీ అందరి నోటి మాట వల్ల ఈ గది మూతపడతా ఉండాది, ఇంక సంతోషమేనా అని గది దద్దరిల్లేట్టు అరిచినాను. కిటికీ బయట బెంచీ అంతా వినింది.

అవ్వ నన్ను అరవనిచ్చింది. తర్వాత, అరిచే పసిదాన్ని చూసినట్టు చూసి చెప్పింది.

"పసిబిడ్డను బయటికి ఎత్తుకపోతే బుగ్గన చుక్క పెట్టమా పాపా? ఊరుగాని ఊళ్లో పెద్దోళ్లంతా కూర్చుని నీ పేరు చదువుతారని గుమాస్తా చెప్పినాడు. అంతా మంచే రాస్తే ఆ కళ్లన్నీ వచ్చి నీ చేతి మీద పడవా? నరుడి కంటికి నల్లరాయైనా పగుల్తాది. అందుకే తలా ఒక చుక్క పెట్టినాం."

మేం బాప్టిస్టోళ్లం. మా ఇంట్లో దిష్టీ గిష్టీ లేదు, చిన్నప్పుడు పక్కింటామె నా బుగ్గన చుక్క పెడితే మా అమ్మ తడిగుడ్డతో తుడిచేసేది. అయినా ఈ ఊళ్లోనే పుట్టి పెరిగినదాన్ని, ఇది నాకెందుకు తట్టలేదో. ఆ మాట ముందే నాకు చెప్పొచ్చు గదా అంటే, మీ దేవుడి దగ్గర ఇవన్నీ చెల్లవంట గదా, చెప్తే నువ్వు ఒప్పుకోవని ఊరకున్నాం అనింది అవ్వ. పోనీ ఇప్పుడన్నా ఆ మేడం వచ్చినప్పుడు నిజం చెప్పమన్నాను. అవ్వ తల అడ్డంగా ఊపింది. హస్తవాసి పైకి చెప్పుకునేది కాదంట. ఎవరి నోట్లోంచి ఆ మాట వస్తే, ముందు వాళ్లకే ఆ చెయ్యి పనిచెయ్యకుండా పోతాదంట. అందుకే ఇన్నేళ్లుగా నా మొహం మీద ఎవరూ ఒక్క మంచిమాట అనలేదని నాకు అప్పుడు తెలిసొచ్చింది. కట్టు కట్టి పంపించినాను.

రెండు వారాలకు మేడం వచ్చింది. నేను కట్లు కడతా ఉంటే ఒక మూల నిలబడి చాలాసేపు చూసింది. చెయ్యి కడుక్కోవడం దగ్గర్నుంచి చెత్తడబ్బా రంగులదాకా అన్నీ రాసుకుంది. ఆ తర్వాత నేను రాసిన పేజీ చదివింది. ఉన్నది ఉన్నట్టు రాసినాను, ఈ వంకలన్నీ దిష్టిచుక్కలని. చదివి నవ్వింది. ఎగతాళిగా కాదు. వాళ్లమ్మ ఇప్పటికీ ఆమెకు ఉప్పు తిప్పి పొయ్యిలో వేస్తాదంట.

"కానీ సిస్టర్, దిష్టిచుక్క అని నేను రిపోర్టులో రాయలేను కదా," అనింది. "పైవాళ్లు నవ్వి పక్కన పెట్టేస్తారు. ఒక్క పేషెంటు, ఒక్కరు చాలు, మీ గురించి నాతో నేరుగా చెప్తే నేను రాసుకుంటాను."

నన్ను లోపలే ఉండమని, ఆమె వరండాలోకి పొయి బెంచీ ముందర నిలబడింది. కిటికీలోంచి నాకు అన్నీ వినపడతానే ఉండాయి. ఒకాయన్ను అడిగితే, ఏదో చేస్తా ఉంటాదమ్మా అన్నాడు. ఇంకొకామె, అంతా పైవాడి దయ అనింది. కలిగిరి నుంచి కొత్తగా వచ్చే ఒక ఆటో ఆయన, నాకేం తెలీదు మేడం అని కాలు వైపు చూసుకున్నాడు. అప్పుడు మేడం దాపరికం లేకుండా చెప్పేసింది. మీరు ఎవరూ మంచి చెప్పకపోతే ఈ గది మూసేస్తారు, అందరూ ఆత్మకూరు రావాల్సి వస్తుంది అని. తలలన్నీ కిందికి వాలినాయి, ఎవరి కాలు వాళ్లు చూసుకుంటా ఉండారు. నాకు వాళ్ల మీద కోపం రాలా, ఆశ్చర్యంగా. వాళ్ల లెక్కలో ఆ మాట అంటే ఆ కాలు పోయినట్టే గదా. నాది కాదుగదా కాలు.

కర్ర చప్పుడు వినపడింది. అవ్వ లేచింది.

"రాసుకో తల్లీ," అనింది. "ఈ పాప చెయ్యి మంచిది. నా కాలు తీసెయ్యాల అన్నారు ముందర చూసినోళ్లు. ఈ పాప తీయనీలా. నా కన్నకూతురు ముక్కు మూసుకుని చూసింది నా కాలు. ఈ పాప ఒళ్లో పెట్టుకుని చూసింది. ఇంత మంచి చెయ్యి నేను చూళ్లేదు."

చెప్పేసి, తన కణతల మీద వేళ్లు మడిచి మెటికలు విరుచుకుంది. పక్కకు తిరిగి థూ థూ అనింది. మేడంను కూడా అనమనింది. మేడం పెన్ను చేతిలో పెట్టుకునే, ఆమె కూడా అనింది. అవ్వ మళ్లా బెంచీ మీద కూర్చుంది. అటూ ఇటూ ఉన్నవాళ్లు కొంచెం జరిగినారు. నేను కిటికీ దగ్గర నిలబడి, నా జన్మలో మొదటిసారి ఒక పేషెంటు నోట నా చెయ్యి గురించి మంచిమాట నా చెవులతో విన్నాను. మా అమ్మ కూడా అనని మాట.

కొన్నాళ్లకు కాయితం వచ్చింది. పాసు. గది ఉంటాది. గుమాస్తా స్వీట్లు తెప్పించినాడు, షుగరు వాళ్ల ఎదురుగా పంచొద్దని ఆయన్ను తిట్టినాను.

అది అయిన కొద్ది రోజులకే అవ్వ కాలు మళ్లా చెడింది. మానతా వచ్చిన పుండు అంచులు నల్లబడి, లోపలికి దిగింది. కారణం నాకు తెలుసు. మేకలు ఈనే కాలం, ఇంట్లో చూసేవాళ్లు లేరని గట్లెంబడి తిరిగింది, మాత్రలు అయిపోయినా తెచ్చుకోలా, షుగరు ఎక్కడికో పొయింది. డాక్టరుకు చూపించినాను. వేలు దక్కుతుందో లేదో ఇప్పుడే చెప్పలేమన్నాడు. అవ్వ మాత్రం బల్ల మీద కాలు పెట్టి, రోజూ పెట్టినట్టే, కిటికీలోంచి బెంచీ వైపు చూస్తా కూర్చుంది.

నేను ఆగలేకపొయినాను. ఇది దిష్టి కాదవ్వా, నువ్వు నడిచినందుకు, మాత్రలు మానేసినందుకు, నువ్వు ఆ పొద్దు చెప్పినదానికీ దీనికీ ఏ సంబంధం లేదు అని వరసబెట్టి చెప్పినాను. అవ్వ వినింది. అట్నేలే పాపా అనింది, నన్ను ఊరడిస్తున్నట్టు. నమ్మలేదని నాకు తెలుస్తానే ఉనింది. మళ్లా చెప్పబోతే చెయ్యెత్తి ఆపింది.

"తెలిసే లేచినా పాపా," అనింది. "ఆ యమ్మ అడిగినప్పుడు బెంచీ మీద కాళ్లన్నీ చూసినా. అన్నీ ఇంకా నడవాల్సిన కాళ్లు. నాదొక్కటే ముసలిది."

కత్తెర పక్కన పెట్టి, కుళాయి దగ్గరికి పొయి మొహం కడుక్కున్నాను. తర్వాత వచ్చి, స్టూలు దగ్గరికి లాక్కుని, ఆ కాలు ఒళ్లో పెట్టుకుని కట్టు విప్పడం మొదలుపెట్టినాను.